అడగకుండా అందించిన డైలాగు

ఆ రోజుల్లో నాకు నా గొంతు మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. మేడ్చల్‌లో అందరూ నన్ను "మైకు" అనే పిలిచేవాళ్లు. ఇంట్లో పెట్టిన పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. డిగ్రీ చదువుతూనే ఆటోకి రెండు గొట్టం మైకులు కట్టించుకుని గండిమైసమ్మ దాకా, బహదూర్‌పల్లి దాకా తిరిగి ప్రచారం చెప్పేవాణ్ని. సర్పంచు ఎన్నికలు, చీరల తగ్గింపు, పోలియో చుక్కలు, తప్పిపోయిన బర్రె, ఏదైనా ఒకటే ఊపు. (బర్రె సంగతి ఒకసారి ఎంత ఆవేశంగా చెప్పానంటే, ఒక పెద్దమనిషి ఆటో ఆపించి, తన ఓటు ఆ బర్రెకేనని చెప్పి మరీ పోయాడు.) ఇట్లాంటి గొంతున్నవాడు ఊరికే ఉండలేడు. ఎవరైనా మాట మధ్యలో ఒక్క క్షణం ఆగితే చాలు, మిగతాది నేనే పూర్తి చేసేవాణ్ని. పెళ్లి చూపుల్లో, పంచాయితీల్లో, చివరికి చావు ఇళ్లలో కూడా. అది సాయమని అనుకునేవాణ్ని. ఇప్పుడు రాస్తుంటేనే చెవులు వేడెక్కుతున్నాయి. అయినా రాయాలని కూర్చున్నాను కనక రాస్తాను, మీరు నా మీద కాస్త జాలి తగ్గించుకుని చదవండి.

మా మేనమామకు అలియాబాద్ దగ్గర మామిడి తోట ఉండేది. అందులో సగం అప్పటికే ప్లాట్లయిపోయింది. మిగతా సగంలో రాళ్లు పాతేలోపల సినిమావాళ్లు వచ్చి, పాతకాలం పెంకుటింటి సెట్టు వేసుకుంటామని అడిగారు. మామ ఒప్పుకున్నాడు గానీ, తన అల్లుడికి సినిమాలో పని ఇవ్వాలని మెలిక పెట్టాడు. మీవాడికి ఏమొచ్చని వాళ్లు అడిగితే, ఏమీ రాదు, గొంతుంది అన్నాడట. అట్లా నాకు ప్రాంప్టింగ్ పని దొరికింది. మన సినిమాల్లో చాలామంది డైలాగులు నోటికి పట్టరు. కెమెరా పక్కన ఒకడు కాగితం పట్టుకుని ముక్క ముక్కగా గట్టిగా చదువుతాడు, వాళ్లు ఆ ముక్క అందుకుని అంటారు. గొంతులు తర్వాత డబ్బింగ్‌లో ఎలాగూ మార్చేస్తారు కనక వాడి అరుపు ఎవరికీ అడ్డం కాదు. మైకుగాడికి ఇంతకంటే తగిన ఉద్యోగం ఉంటుందా అని మా ఇంట్లో అందరూ సంబరపడ్డారు.

ఆ సినిమాలో ఒక ముసలి ఇంగ్లీషాయన వేషం ఉంది. రైలు పట్టాలు వేయడానికి వచ్చి, ఇక్కడే ఉండిపోయి, ఇక్కడి మాటే మాట్లాడే మనిషి. ఆ వేషానికి లండన్ నుంచి నిజం ఇంగ్లీషు నటుణ్నే పిలిపించారు. డెబ్భై ఆరేళ్ల మనిషి, నిట్రాడంత పొడుగు. మేమంతా అలవాటు కొద్దీ ఆయన్ని "సార్" అంటుంటే, అక్కడి రాణిగారు ఆయనకు నిజంగానే అట్లాంటి బిరుదు ఇచ్చారని తర్వాత తెలిసింది. ఫోన్లో వెతికి ఆయన చరిత్ర చదివాను. చేపలు అమ్ముకునేవాళ్ల ఇంట్లో పుట్టాడట. పదిహేడో ఏట మొదటి వేషం, బల్లెం పట్టుకుని రాజు వెనకాల నిలబడటం, నోటికి ఒక్క మాట లేదు. నిలబడ్డ చోటునుంచే అందరి మాటలూ నోటికి పట్టేశాడట. తర్వాత యాభై ఏళ్లు రంగస్థలం మీద రాజులు, హంతకులు, విదూషకులు, తెర మీద జడ్జీలు, పాదరీలు, దుర్మార్గులు, ఆయన వేయని వేషం లేదు. అబ్బో అనుకుంటూ చివరి పేరా దగ్గరికి వచ్చేసరికి నా నెట్ ప్యాక్ అయిపోయింది. మళ్లీ వేయించుకుని చదవాలనిపించలేదు. చివర్లో ఎవరికైనా అవార్డులే ఉంటాయి కదా అనుకున్నాను.

ఆ పేరాలో ఏముందో మీకు ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే మీరు నన్ను తిట్టాల్సినంత తిట్టలేరు. అంతకు నాలుగేళ్ల ముందు లండన్‌లో, తను వందలసార్లు ఆడిన నాటకంలోనే, ఆయనకు నడుమ మాట అందలేదు. తెర పక్కనుంచి ఎవరో ఆ మాట అందించారు. అది జనానికి వినపడింది. అక్కడి నటులకు అంతకంటే పరువు తక్కువ పని లేదట. ఆయన వంగి దండం పెట్టి లోపలికి వెళ్లిపోయాడు, మళ్లీ స్టేజి ఎక్కలేదు. మన సినిమా ఎందుకు ఒప్పుకున్నాడంటే, బొత్తిగా రాని భాషలో రెండు పేజీలు నోటికి పట్టి చెప్పగలిగితే తన జ్ఞాపకం ఇంకా తన చేతిలోనే ఉందని తేలుతుంది, వెనక్కి వెళ్లి మళ్లీ నాటకం ఆడొచ్చు, అందుకని. పెదవులు కదిపితే చాలు, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టినా సరే, గొంతు డబ్బింగ్‌లో చూసుకుంటామని మా డైరెక్టరు గారు ఎంత చెప్పినా ఆయన వినలేదట. లండన్‌లోనే ఉండే ఒక కరీంనగర్ డాక్టరమ్మ దగ్గర మూడు నెలలు కూర్చుని ప్రతి మాటా నేర్చుకుని వచ్చాడు. అందుకే ఆయన సీను వరకు గొంతు అక్కడికక్కడే రికార్డు చేయాలని నిర్ణయించారు. (ఇదంతా డైరెక్టరు గారికి ముందే తెలుసు. నాకు చెప్పేంత మనిషినని ఎవరూ అనుకోలేదు.)

ఆయన బస శామీర్‌పేట చెరువు దగ్గర గెస్ట్‌హౌస్‌లో. పొద్దున కారులో తోటకు తీసుకురావడం, కాగితం పట్టుకుని ఆయనొక్కడికే ప్రాంప్టింగ్ చెప్పడం, సాయంత్రం దిగబెట్టడం నా పని. మొదటి రోజే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పాడు. తను నా వైపు చూస్తేనే డైలాగు అందించాలి, చూడకపోతే తను ఎంతసేపు ఆగినా సరే అందించకూడదు. ఇంగ్లీషు అర్థం కాలేదని తప్పించుకునే వీలు కూడా నాకు లేదు, అంత నిదానంగా, అంత స్పష్టంగా చెప్పాడు. నేను రెండుసార్లు తలూపాను. కారులో కళ్లు మూసుకుని గొణుక్కుంటూ ఉండేవాడు. నేను ముందు సీట్లోంచి మెడ తిప్పి, అడగకపోయినా ఉచ్చారణలు సరిదిద్దేవాణ్ని. విసుక్కునేవాడు కాదు. సాయంత్రం షూటింగ్ అయిపోగానే నేను వెళ్లి "ఇగ పోదమా, సార్?" అంటే, ఆ మాట ఆయనకు నచ్చి, తర్వాత నేను అనకముందే ఆయనే "ఇగ పోదమా?" అంటూ కారు వైపు నడిచేవాడు. తెలుగులో ఆయన కాగితం లేకుండా నేర్చుకున్న మాట అదొక్కటే. నేర్పింది నేనే అని రోజుకు పదిమందికి చెప్పేవాణ్ని.

షూటింగ్ లేని ఒక రోజు, ఈ మాటలు ఇక్కడి పెద్దవాళ్ల నోట ఎట్లా ఉంటాయో వినాలని ఉందన్నాడు. మేడ్చల్‌లో మా ఇంటికి తీసుకుపోయాను. మా అవ్వ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. లండన్లో పెద్ద యాక్టరని నేను అరగంట చెప్పినా తలెత్తలేదు గానీ, సర్వపిండి మాత్రం గిన్నెలోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తిని, చేతులు తుడుచుకుని, అవ్వ ఎదురుగా కింద కూర్చుని తన డైలాగు చెప్పాడు. సినిమాలో ఆయన స్నేహితుడు ఊళ్లో చనిపోతాడు. ఈయన వచ్చి ఖాళీ మంచం పక్కన కూర్చుని మాట్లాడతాడు. "నువ్వు లేవు. నీ మంచం ఉంది. నీ చెప్పులున్నయి." అక్కడ ఆగాడు. ఆగి అట్లాగే ఉన్నాడు. నేను అందిద్దామని ఊపిరి పీల్చానో లేదో, అవ్వ నా వైపు చూడకుండానే నా తొడ మీద గట్టిగా గిల్లింది. అప్పుడాయన, "తొడుక్కొని చూసిన. నాకు పట్టలె" అని మిగతాదంతా చెప్పుకుపోయాడు. అవ్వ గింజలు తీయడం ఎప్పుడు ఆపిందో తెలియదు. మా తాత చెప్పులు అప్పటికీ మా ఇంట్లో అటక మీదే ఉన్నాయి. కొంగుతో కళ్లొత్తుకుని నాతో మెల్లగా అంది.

"ఆయిన మర్సిపోలె రా. గా చెప్పుల దిక్కు సూస్తుండు."

అవ్వ ఏమంటోందని ఆయన నన్ను అడిగాడు. బాగా చెప్పారంటోంది సార్ అన్నాను. ఆ ఒక్క వాక్యం ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పి ఉంటే, తన మౌనం ఇక్కడి ముసలమ్మకు చేరిందని ఆయనకు తెలిసేది. కానీ అవ్వ నన్ను గిల్లిన సంగతి అందులో ఎక్కడ బయటపడుతుందోనని నాకు నామోషీ.

ఇగ అసలు సీను రోజు. ఆ రోజే మా మామ తన దోస్తులు ఆరుగురిని రెండు కార్లలో వెంటేసుకుని వచ్చాడు. అందరూ ఇస్త్రీ తెల్లచొక్కాలు, కెమెరా వెనకాల కుర్చీలు. పొద్దుటినుంచి నేను కాగితం పట్టుకుని ఒక్క మాట మాట్లాడకుండా నిలబడి ఉన్నాను. అసలు వారం రోజులుగా అట్లాగే ఉన్నాను, ఆయనకు నాతో అవసరం పడితే కదా. మామ చూసీ చూసీ, దోస్తులు వింటుండగానే, "ఏందల్లుడు, ఉత్తగనే నిలవడ్డవు? అసలు నీ పనేంది?" అన్నాడు. వాళ్లు నవ్వారు. నాకు లోపల మంట పుట్టింది. వేల మందికి ఓట్లడిగిన గొంతు, చేతిలో కాగితానికి కాపలా కాస్తోంది.

కరీంనగర్ రోడ్డు మీద లారీల హారన్లు తగ్గేదాకా ఆగి, సౌండు రికార్డు చేసే మనిషి చెయ్యి ఊపగానే టేకు మొదలైంది. ముసలాయన వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. కూర్చోవడంలోనే ఏదో ఉంది, లైటు పట్టుకున్నవాళ్లు కూడా కదలడం మానేశారు. "నువ్వు లేవు. నీ మంచం ఉంది. నీ చెప్పులున్నయి." ఆగాడు. చెప్పుల వైపు చూస్తున్నాడు. నా వైపు చూడటం లేదు. తోటంతా నిశ్శబ్దం. నాకు మాత్రం ఆ నిశ్శబ్దంలో మామ దోస్తుల చూపులన్నీ నా వీపు మీదే ఉన్నట్టు అనిపించింది. డైరెక్టరు గారు కొంచెం తల తిప్పారు, అది నాకోసమే అనుకున్నాను. (మెడ మీద చీమ పాకిందట.) అవ్వ అక్కడ లేదు గిల్లడానికి. నేను ఛాతీ నిండా గాలి పీల్చి, తప్పిపోయిన బర్రెను పిలిచిన గొంతుతో, "తొడుక్కొని చూసిన!" అని అరిచాను.

మామిడి చెట్ల మీద పిట్టలన్నీ లేచిపోయాయి. సౌండు మనిషి హెడ్‌ఫోన్లు పీకి పారేసి, చెవులు పట్టుకుని కూలబడ్డాడు. ఆ ముసలాయన ఉలిక్కిపడి నా వైపు తిరిగాడు. ఆయన ముఖంలో కోపం ఉంటుందనుకున్నాను. కోపం లేదు. తరగతిలో లేపి నిలబెడితే జవాబు మర్చిపోయిన పిల్లవాడి ముఖం. తర్వాతి మాటకోసం నోరు తెరిచాడు, రాలేదు. నిజంగానే రాలేదు. డైరెక్టరు గారు నా దగ్గరికి వచ్చి ఏమైందని అడిగారు. అప్పుడు నిజం చెప్పడానికి నాకు మూడు మాటలు చాలు. నేను తొందరపడ్డాను సార్ అంటే అయిపోయేది. మామ వింటున్నాడు. "సార్ మర్సిపోయిండు, సార్. అందుకే అందిచ్చిన" అన్నాను.

రెండో టేకులో ఆయన ప్రతి వాక్యానికి ముందు నా వైపు చూశాడు. వారం రోజుల్లో ఒక్కసారి కూడా చూడని మనిషి. కారులో, మా వాకిట్లో, నిద్రలేపి అడిగినా చెప్పే మాటలకు కూడా నా పెదవుల వైపు చూశాడు. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. ఇక లాభం లేదని డైరెక్టరు గారు గొంతు డబ్బింగ్‌లో పెట్టుకుందామన్నారు. నేను ముక్క ముక్కగా అరిచాను, ఆయన ముక్క ముక్కగా అన్నాడు. రెండు పేజీలూ అట్లాగే పూర్తయ్యాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో చాలావరకు నాకే. ఇవాళ్టి గండం గట్టెక్కించావని డైరెక్టరు గారు భుజం తట్టారు. మామ దోస్తులతో, మావాడే లేకుంటే దొరకు మాటే రాకపోవు అన్నాడు. నేను సిగ్గుపడ్డట్టు నవ్వాను. నిజంగా సిగ్గుపడి ఉంటే ఎంత బాగుండేది.

ఆ సాయంత్రం ఆయన "ఇగ పోదమా" అనలేదు. నేనే వెళ్లి తీసుకొచ్చాను. కారు శామీర్‌పేట మలుపు తిరిగేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుని, తర్వాత నన్ను అడిగాడు. మొదటిసారి తను ఆగినప్పుడు, తర్వాతి మాట తనకు గుర్తుందనే అనుకుంటున్నానని, కానీ ఇప్పుడు నమ్మకంగా చెప్పలేకపోతున్నానని. నువ్వు అంత దగ్గరగా నిలబడి చూశావు కదా, నాకు నిజం చెప్పు, నేను మర్చిపోయానా అని. ఆ వయసు మనిషి, ఆ పేరున్న మనిషి, తన బుర్ర సంగతి ఇరవై నాలుగేళ్ల మైకుగాణ్ని అడుగుతున్నాడు. నాకు అవ్వ మాట గుర్తుంది. గుర్తుండి కూడా, "కొంచెం మరిచిపోయారు సార్, పర్వాలేదు, ఎవరికైనా అవుతుంది" అని ఇంగ్లీషులో ఓదార్చాను. ఆయన నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పాడు. అబద్ధం చెప్పినందుకు నాకు థాంక్స్ చెప్పిన మనిషి నా జీవితంలో ఆయనొక్కడే.

సినిమా వచ్చింది, వారం ఆడింది. మేడ్చల్ థియేటర్‌కు అవ్వను తీసుకుపోయాను. ఆ సీన్లో ఆయన చూపులన్నీ కెమెరా పక్కకు పోతుండటంతో ముఖం వాడలేక, వెనకనుంచి తీసిన షాట్లు పెట్టుకున్నారు. గొంతు ఎవరిదో. "గా ముసలాయిన మొకం ఏది రా?" అని అవ్వ అడిగింది. నేను పాప్‌కార్న్ తెస్తానని లేచాను. సినిమా అయ్యాక ఇంటికి పోయాం. వాకిట్లో చెప్పులు విడుస్తూ అవ్వ, "అరిసినవ్ గదా" అంది. ఎవరూ చెప్పలేదు ఆమెకు. అవునవ్వా అన్నాను. లోపలికి పోయి పక్క పరుచుకుంది, తిట్టినా బాగుండేది.

అంతకు ముందే ఎడిటింగ్ గదిలో నేను ఆ మొదటి టేకు చూసి ఉన్నాను. ఆయన ఆగింది ఆరు సెకన్లు. నాకు అప్పుడు పావుగంట అనిపించింది. ఆ ఆరు సెకన్లలో ఆ ముఖం మీద ఏం జరుగుతోందో రాయడం నాకు చేతకాదు. చివర్లో పెదవులు విడివడ్డాయి. "తొడు" అనడానికి నాలుక లేచింది కూడా. సరిగ్గా అప్పుడు నా అరుపు. ఆ ముక్కను ఎడిటర్‌ని బతిమాలి పెన్‌డ్రైవ్‌లో వేయించుకున్నాను. ఏడాది తర్వాత ఆయన ఇక నటించనని చెప్పిన వార్త చదివాను. ఈసారి చివరి పేరా దాకా చదివాను. హైదరాబాద్ పక్కన ఒక తోటలో తన జ్ఞాపకం తనను విడిచిపోయిందని, మంచి గొంతున్న ఒక కుర్రవాడు దయతో తనను చెయ్యి పట్టుకుని దాటించాడని, ఆ రోజే మానేయాలని అర్థమైందని అందులో ఉంది. అది చదివిన నాడు నేను అన్నం తినలేదు. మా ఇంట్లో అజీర్తి అనుకున్నారు.

చెబుదామని ఎన్నిసార్లు ఉత్తరం మొదలుపెట్టానో లెక్కలేదు. ప్రతిసారీ డైరెక్టరు గారు తల తిప్పారనీ, లారీలనీ, మామనీ అందులోకి లాక్కొచ్చేవాణ్ని. అట్లా పదేళ్లు దాటిపోయాయి. పోయినేడు నా గొంతులో కాయలు కట్టాయి. నెల రోజులు ఒక్క మాట మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు. మైకుగాడు పలక మీద రాసి చూపించాల్సి వచ్చిందని బహదూర్‌పల్లి దాకా నవ్వుకున్నారు. ఆ నెలలో ఒక సంగతి తెలిసింది. మనం నోరు మూసుకుంటే, ఎదుటివాళ్లు ఆగిన తర్వాత చెప్పేదే అసలు మాట. మా ఆవిడ పెళ్లయిన ఇన్నేళ్లలో చెప్పని సంగతులు ఆ నెలలో చెప్పింది. (కొన్ని వినకపోయినా బాగుండేది.) నెల తీరకముందే కూర్చుని, మామ ఊసు లేకుండా, లారీల ఊసు లేకుండా నాలుగు వాక్యాలు రాశాను. మీరు మర్చిపోలేదు, నేను అరిచాను, మీరు అడిగితే అబద్ధం చెప్పాను, మీరు ఆగినప్పుడు చెప్పుల వైపు చూస్తున్నారని మా అవ్వ అప్పుడే చెప్పింది. ఆ ఆరు సెకన్ల ముక్కను దానికి జతచేసి, కింద నా ఫోన్ నంబరు వేసి, ఆయన వ్యవహారాలు చూసే లండన్ ఆఫీసుకు ఈమెయిల్‌లో పంపాను.

మూడు వారాలు ఏ కబురూ లేదు. తర్వాత ఒక పొద్దున ఫోన్‌కు ఆడియో వచ్చింది. నేను గండిమైసమ్మ చౌరస్తాలో బండి పక్కకు ఆపి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఎనభై ఎనిమిదేళ్ల గొంతు, పలచబడింది. పలకరింపు లేదు, క్షమించాననీ లేదు, క్షమించలేదనీ లేదు. "నువ్వు లేవు. నీ మంచం ఉంది. నీ చెప్పులున్నయి." తర్వాత ఏమీ లేదు. చుట్టూ ఆటోలు, బస్సులు. ఫోన్ తెర ఆరిపోయింది. ఆగిపోయిందా, నెట్ పోయిందా, ఆయనకేమన్నా అయిందా అనుకున్నాను. ఆ మాట నా నాలుక చివరికి వచ్చింది, ఒట్టు, వచ్చేసింది. నడిరోడ్డు మీద రెండు చేతులతో నోరు మూసుకున్నాను. ఫోన్ కింద పడింది. వంగి తీసి చెవికి పెట్టుకునేసరికి, "తొడుక్కొని చూసిన. నాకు పట్టలె" అంటున్నాడు. రెండు పేజీలు, ఒక్క ముక్క తప్పకుండా. అయిపోయాక ఇంకాసేపు ఆగాడు. నేనూ ఆగాను. అప్పుడన్నాడు.

"ఇగ పోదమా?"